మేకుకి మిగిలిన మూడో కార్డు

షెడ్డు బయట ఆ తెల్ల కారు కనపడగానే డిటెక్టివ్ సూదికి సగం ఉత్సాహం చచ్చిపోయింది. ఇస్త్రీ కారది. అంటే మహానుభావుడు తనకన్నా ముందే దిగాడన్నమాట. టైము పదకొండూ ముప్ఫై అయిదు. ఒంటిగంటకి కాగితాలు కోర్టుకి వెళ్లిపోతాయి.

రెండడుగులు వేసి ఆగింది. తెల్ల కారు టైర్ల మీద కొత్త టైర్లకుండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా అరగలేదు. నంబరు ప్లేటు చూసింది. బ్యాగులో చెయ్యి పెట్టి ఏదో తీసి చదువుకుంది. చచ్చిన సగం ఉత్సాహం లేచి కూర్చుంది.

దాని పక్కన ఇంకో కారుంది, ఎర్రది. నేలకి జానెడెత్తున, చక్రాలు ఒంటిని దాటి బయటికొచ్చి, కాళ్లు బార్లా చాపి కూర్చున్న పిల్లాడిలా ఉంది. దాన్ని దాటుకుని లోపలికెళ్లింది.

పోలీసులు తుక్కు కార్లు దాచే షెడ్డు అది. మధ్యలో నీలం కారు, ముందు ఎడమ చక్రం లేకుండా ఇటుకల మీద నిలబడి ఉంది. ఊడిన చక్రం పక్కనే గోడకి జారబడి ఉంది. దాని ముందు ఇస్త్రీ, చేతిలో రిపోర్టు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున యాక్సిడెంట్లు పరిశోధిస్తాడాయన. ఎలాంటి తుక్కు చూసొచ్చినా చొక్కా మడత నలగదు, అందుకని ఆ పేరు. అసలు కారు కిందకి దూరితే కదా నలగడానికి అని సూది ఉద్దేశం.

ఆయన వెనక ఇన్‌స్పెక్టరమ్మ, రిటైర్మెంటుకి ఏడాది దూరంలో ఉన్న మనిషి, ముక్కు చివర కళ్లజోడు, స్టూలు మీద టీ ఫ్లాస్కు. ఆ వెనక బెంచీ మీద కార్ల మెకానిక్ మేస్త్రి. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో దిగబెట్టి మర్చిపోయిన సామానులా కూర్చున్నాడు.

కేసు ఇది. నిన్న పొద్దున ఏడూ ఇరవై రెండుకి, కార్ల క్లబ్బు ట్రాకు మీద, మూడో మలుపులో నీలం కారు చక్రం ఊడింది. చక్రం ఒక దారి, కారు ఒక దారి. నడిపేది రాకెట్టు. అసలు పేరు ఆధార్ కార్డులో తప్ప ఎక్కడా లేదు. ఇంజిన్ కంప్యూటర్‌కి కొత్త ప్రోగ్రాము ఎక్కించి, సైలెన్సరు మార్చి, సస్పెన్షన్ బిగువు చేసి, ఏడాదిగా క్లబ్బులో ఎవరికీ తన కారు వెనక భాగం తప్ప ముందు భాగం చూసే అవకాశం లేకుండా చేసినవాడు. ఇప్పుడు తొడ ఎముకకి ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నాడు, సాయంత్రం దాకా మాట్లాడించొద్దన్నారు. ముందురోజు సాయంత్రం ఆ కారుకి కొత్త అల్లాయ్ చక్రాలు బిగించింది మేస్త్రి. కాబట్టి మేస్త్రి దోషి.

ముప్ఫై ఏళ్లుగా ఆయన బిగించిన నట్టు ఒక్కటి ఊడిందని ఎవరూ అనలేదు. ఈ రోజు ఆ కాగితం కోర్టుకెళితే ఆయన జైలుకి, ఆయన రిపేరు షెడ్డుకి సీలు. సూదికి మెకానికల్ ఇంజినీరింగులో డిగ్రీ ఇచ్చింది కాలేజీ, చదువు చెప్పింది మాత్రం ఆ షెడ్డే. ఎక్కడ గాలి పోతోందో సరిగ్గా అక్కడే గుచ్చుతుందని ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఇప్పుడామె బతికేది ఆ గుచ్చుడు మీదే. ప్రైవేట్ డిటెక్టివ్ అని కార్డు మీద రాసుకుంది, ఇంట్లో మాత్రం ఇంకా "ఏదో కంప్యూటరు పని" అనే చెబుతున్నారు.

"రామ్మా పాపా," అన్నాడు ఇస్త్రీ. "నీకోసమే చూస్తున్నాం. క్లైమాక్స్ మిస్సవుతావేమోనని."

"అయ్యో, మీ సినిమాకి క్లైమాక్స్ కూడా ఉందా సార్. నేను టైటిల్స్ దగ్గరే లేచిపోదామనుకున్నా."

ఇన్‌స్పెక్టరమ్మ టీ కప్పు వెనక నోరు దాచుకుంది.

ఇస్త్రీ తన వాదన మొదలెట్టాడు. మేస్త్రి షెడ్డులోంచి వచ్చిన ఏ కారు చూసినా చక్రాల నట్ల మీద పసుపు పెయింటు గీత ఉంటుంది. నట్టు మీంచి చక్రం మీదకి, అడ్డంగా. బిగించడం అయిపోయిందని గుర్తు. తర్వాత నట్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగినట్టు కనపడుతుంది. మంచి పద్ధతే, మెచ్చుకుంటానన్నాడు. అదిగో, మిగిలిన మూడు చక్రాల మీదా పదిహేను నట్లకీ పసుపు ఉంది. ఊడిన చక్రం మీద కూడా సగం గీతలు మిగిలాయి. అంటే మేస్త్రి బిగించానని సంతకం పెట్టాడు. సంతకం పెట్టి బిగించలేదు. ఇంకేం కావాలి?

"మేస్త్రి ఏమన్నాడు?" అంది సూది.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితం చూసి చదివింది. "నేను గీత గీయలేదు. నిన్నట్నుంచీ ఈ ముక్కే. నాలుగు సార్లడిగా. పోనీ ఎందుకు గీయలేదయ్యా అంటే, యాభై తిరగలేదు అంటాడు. నాకు అర్థమైతే ఒట్టు."

మేస్త్రికి మాటలు పెట్రోలు కన్నా పిరం. అది సూదికి తెలుసు. పోలీసు కాగితానికి తెలీదు.

"నే చెబుతా మేడమ్. కొత్త చక్రం కొత్త అల్లుడు లాంటిదంటాడీయన. మొదటి రోజు బిగుసుకుని కూర్చుంటుంది, నాలుగడుగులు తిరిగితే గానీ సర్దుకోదు. అల్లాయ్ చక్రం కదా, వేడికీ బరువుకీ నట్టు కింద వెంట్రుకవాసి దిగుతుంది, బిగువు తగ్గుతుంది. అందుకని మొదటిసారి బిగించి, ఓ కార్డు రాసిచ్చి పంపిస్తాడు. యాభై కిలోమీటర్లు మామూలుగా తిప్పుకుని రావాలి. అప్పుడు ఎంత బిగిసిందో కొలిచే రెంచితో రెండోసారి బిగిస్తాడు. గీత గీసేది అప్పుడు. అంతకుముందు చచ్చినా గీయడు."

"కథ బావుంది," అన్నాడు ఇస్త్రీ. "నేను ఇరవై ఏళ్లుగా ఈయన కార్లు చూస్తున్నా. గీత లేని కారు ఒక్కటి చూళ్లేదు."

"యాక్సిడెంటైన కార్లే కదా సార్ మీరు చూసేది. అవన్నీ ఎప్పుడో రెండోసారి బిగించినవి. పెళ్లైనవాళ్లని మాత్రమే చూసి, మనుషులు మెడలో దండతోనే పుడతారన్నట్టుంది."

ఆయన ముఖం కొంచెం నలిగింది. చొక్కా నలగలేదు.

సూది బ్యాగు తెరిచింది. పొద్దున తొమ్మిదింటికే మేస్త్రి షెడ్డుకెళ్లింది. అక్కడ గోడకో పెద్ద మేకు ఉంటుంది. కస్టమరుకిచ్చే కార్డులో సగం చింపి ఆ మేకుకి గుచ్చుతాడు మేస్త్రి. బండి తిరిగొచ్చి రెండో బిగింపు అయ్యాకే దాన్ని తీసి పారేస్తాడు. మేకుకి మూడు కార్డులు మిగిలున్నాయి. మూడూ తెచ్చేసింది. పైదాని మీద నీలం కారు నంబరు, తేదీ, బయల్దేరేటప్పటి మీటరు రీడింగు, కింద పెద్దక్షరాల్లో "రెండో బిగింపు కాలేదు. ట్రాకు వద్దు."

"ఇది నిన్న రాత్రి రాసుండొచ్చుగా," అన్నాడు ఇస్త్రీ వెంటనే.

"నిన్న పొద్దున ఎనిమిదింటి నుంచీ ఆయన నా దగ్గరే ఉన్నాడు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"రీడింగు చూద్దాం," అంది సూది. నీలం కారు డ్యాష్‌బోర్డు చితికిపోయింది, మీటరు నల్లగా ఉంది. అయినా మీటరు ముఖం చచ్చినంత మాత్రాన కంప్యూటరు చావదు. స్టీరింగు కింద వెతికి, సాకెట్టు పట్టుకుని, ల్యాప్‌టాప్ కేబులు గుచ్చింది. బ్యాటరీలో ఇంకా ప్రాణముంది. తెర మీద అంకెలొచ్చాయి. కార్డు మీది అంకె తీసేస్తే మిగిలింది పద్నాలుగు.

పద్నాలుగు కిలోమీటర్లు. షెడ్డు నుంచి ఇంటికి, ఇంటి నుంచి ట్రాకుకి, ట్రాకు మీద మూడో మలుపు దాకా. యాభైకి ముప్ఫయ్యారు తక్కువ.

"మరి గీతలెలా వచ్చాయి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"ఎవరో గీశారు. సంతకం ఎలా ఉంటుందో తెలిసి, ఎప్పుడు పెడతారో తెలీనివాళ్లు."

షెడ్డు మూల నుంచి ఎవరో నిట్టూర్చారు. బావ. రాకెట్టు అక్క మొగుడు. బయట కాళ్లు చాపుకుని కూర్చున్న ఎర్ర కారు ఈయనదే. క్లబ్బులో ఎప్పుడూ రెండో స్థానం, మొదటి స్థానం ఇంట్లోనే ఉంది కాబట్టి. మామగారు పోతూ పోతూ స్పేర్ పార్టుల షోరూము అక్కా తమ్ముళ్లిద్దరి పేరునా రాసిపోయారు. నడిపేది మాత్రం బావే. కళ్లు వాచి ఉన్నాయి, రాత్రంతా ఆస్పత్రిలో ఉన్నాట్ట. సూది ఆయన్ని కూర్చోబెట్టి, మర్యాదగానే అడిగింది.

ఆయన చెప్పింది ఇది. రాకెట్టు ఆరూ పావుకి వచ్చాడు. తను అంతకుముందే వచ్చి గేటు దగ్గరున్నాడు. కారు లోపలికొస్తున్నప్పుడే నట్ల మీద పసుపు గీతలు చూశాడు. ట్రాకు మీదకెళ్లే ముందు వాడికి చూపించాడు కూడా, మేస్త్రి గీత పడిందిరా, భయం లేదు, కుమ్మెయ్ అన్నాడు. ఆ ముక్క అనకపోయుంటే బావుండేదమ్మా అన్నాడు.

"డ్రైవర్ల మీటింగు ఎన్నింటికి సార్?"

ఆరూ యాభై నుంచి ఏడూ అయిదు దాకా.

"మీరు పూర్తిగా ఉన్నారా?"

గాలి కొలిచే మీటరు కోసం వెళ్లి కాస్త ఆలస్యంగా వచ్చాట్ట. ఎంత ఆలస్యం అంటే, ఎవరు చూశారు, అయిదు నిమిషాలో పదో.

సూది ఫోను తీసి చూపించింది. కొత్త చక్రాలు పెడితే ఫొటో తీసి క్లబ్బు గ్రూపులో పెట్టకుండా ఉండే మగాడు ఈ భూమ్మీద పుట్టలేదు. రాకెట్టు ఆరూ ముప్ఫై అయిదుకి పెట్టాడు. ట్రాకు పక్కన, ఎండ చక్రం మీద పడుతుంటే, నట్టునట్టూ లెక్కపెట్టుకునేంత దగ్గర్నుంచి తీశాడు. వేలితో పెద్దది చేసింది. అయిదు నట్లు. నున్నగా, వెండిలా. పసుపు చుక్క లేదు.

"ఆరుంబావుకి గీతలు చూశానన్నారు."

బావ ఫోను తీసుకుని ఫొటో కింద టైము చూశాడు. కంగారులో పొరబడ్డానేమో, తర్వాతెప్పుడో చూసుంటా అన్నాడు. నిన్న పొద్దున్నుంచీ బుర్ర పనిచెయ్యట్లేదన్నాడు. అదీ నమ్మదగ్గదే.

ఇస్త్రీ వదల్లేదు. "ఫొటో సరే. మేస్త్రే ఆరూ ముప్ఫై అయిదు తర్వాత ట్రాకుకొచ్చి గీశాడేమో. ఈ యాభై కిలోమీటర్ల రూలు ఉందని నువ్వు చెప్పడమే గానీ సాక్ష్యమేదీ? నువ్వా, ఆయన శిష్యురాలివి. కార్డా, ఆయన రాసుకున్నది. నాకు బయటివాళ్ల మాట కావాలి. ఆయనతో ఏ సంబంధం లేని, నికార్సైన కస్టమరు మాట."

ఈ మాట కోసమే సూది ఇరవై నిమిషాలుగా ఎదురుచూస్తోంది. ఎంత ఓపిగ్గా అంటే, వాళ్లమ్మ చూసుంటే మా పిల్లేనా అనుకునేది.

"అలాగే సార్. నికార్సైన కస్టమర్ని చూపిస్తా. కాస్త బయటికి రండి."

అందరూ బయటికొచ్చారు. ఇన్‌స్పెక్టరమ్మ మేస్త్రిని కూడా రమ్మంది. సూది తిన్నగా తెల్ల కారు దగ్గరికెళ్లి, ముందు చక్రం పక్కన గొంతుక్కూచుంది.

"టైర్లు ఎప్పుడు మార్చారు సార్?"

"నా కారా? నాకేం తెలుసు. మా ఆవిడ మార్పించింది. మూడు రోజులైంది."

"ఎక్కడ?"

ఇస్త్రీకి నిజంగానే తెలీదు. ఫోను తియ్యక తప్పలేదు. ఇన్‌స్పెక్టరమ్మ స్పీకరు పెట్టమంది.

"ఇదిగో, కారు టైర్లెక్కడ మార్పించావ్?"

"మూడు రోజుల తర్వాత గుర్తొచ్చిందా," అంది అవతలి గొంతు. "మేస్త్రి షెడ్డులో. ఇంకెక్కడ మార్పిస్తా? మీరు చెప్పే చోట కిందటిసారి మారిస్తే నెలకే పంక్చరైంది. అన్నట్టు, యాభై కిలోమీటర్లు తిరిగాక ఓసారి తీసుకురమ్మన్నాడాయన. అప్పుడు మళ్లీ బిగించి పసుపు గీత గీస్తాట్ట. కార్డు మీ ఎదురుగానే పెట్టా, స్టీరింగు పక్కన. రోజూ ఆ కార్డు మీదే కాఫీ కప్పు పెట్టుకుంటూ చూళ్లేదా?"

ఇస్త్రీ ఫోను కట్టేశాడు. సూది కారు అద్దంలోంచి వేలు చూపించింది. కార్డుంది. దాని మీద గుండ్రంగా కాఫీ మరక కూడా ఉంది. ఇస్త్రీ చేత తలుపు తీయించి, మీటరు వెలిగించి, బ్యాగులోంచి రెండో సగం తీసి పక్కన పెట్టింది. రెండు చింపులూ అతికినట్టు సరిపోయాయి. నట్ల మీద పసుపు లేదు, ఇరవైలో ఒక్కదాని మీద కూడా.

"మీటరు ప్రకారం ముప్ఫై ఒకటి తిరిగింది సార్. ఇంకా పంతొమ్మిది ఉంది. తొందరేం లేదు."

పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో అంత కళ్లకి కట్టినట్టు ఎవరూ చూపించి ఉండరు. ఇన్‌స్పెక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకోవాల్సిన అవసరమేమీ లేదు, నవ్వాపుకోడానికి. తర్వాత ఇస్త్రీ చేతిలోంచి రిపోర్టు మెల్లిగా తీసుకుని చంకలో పెట్టుకుంది. ఈ రోజుకి ఇది కోర్టుకి వెళ్లడం లేదంది.

మేస్త్రి అప్పుడు నోరు విప్పాడు. "ఆ గీతలు నేనోసారి చూడొచ్చా అమ్మా?"

అప్పుడు తట్టింది సూదికి. నిన్నట్నుంచీ ఈయన్ని గీతల గురించి అడగడమే గానీ ఒక్కరూ చూపించలేదు. తను కూడా. టైము పన్నెండూ పది.

లోపలికెళ్లారు. మేస్త్రి నీలం కారు వెనక చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. నట్టు మీద వేలు పెట్టి, ఆగాడు. ఇంకో నట్టు చూశాడు. ఇంకో చక్రం చూశాడు. ఊడిన చక్రం దగ్గరికెళ్లి దాన్నీ చూశాడు.

"సూదీ. రెండు గీతలెందుకున్నాయే?"

నిజమే. ప్రతి నట్టు మీదా పక్కపక్కనే రెండు గీతలు, అన్నం మెతుకు సందుతో. సూది చూసింది, చూసి కూడా పట్టించుకోలేదు. దొంగ గట్టిగా కనపడాలని రెండుసార్లు గీశాడనుకుంది.

"రెండు గీస్తే ఏంటి మేస్త్రిగారూ?"

"నువ్వెళ్లిపోయాక పెట్టా ఈ పద్ధతి. స్పేసర్లని వచ్చాయిగా, చక్రం బయటికి పొడుచుకు రావాలని మధ్యలో లోహం పళ్లెం దూరుస్తారు. చూట్టానికి సోకు, నట్లకి శిక్ష. అలాంటి బండి నెలనెలా చూడాలి. మర్చిపోకుండా దానికి రెండు గీతలు. మామూలు బండికి ఒకటే." లేచి గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దీనికి స్పేసర్లు లేవు. రెండు గీతలు నేను గీసింది ఈ క్లబ్బు మొత్తానికి ఒకే ఒక్క బండికి."

చెప్పాల్సిన పని లేకపోయింది. అందరూ గుమ్మంలోంచి బయటికి చూశారు. కాళ్లు బార్లా చాపుకున్న ఎర్ర కారు ఎండలో మెరుస్తోంది. ఇక్కణ్ణుంచి కూడా కనపడుతున్నాయి, నట్టుకి రెండేసి పసుపు గీతలు.

ఎవడి కారు చూసి కాపీ కొట్టాడో తెలిసిపోయింది. పరీక్షలో పక్కవాడి పేపరు దించుతూ వాడి హాల్ టికెట్ నంబరు కూడా దించేసినట్టు.

బావ తొణకలేదు. కాసేపటికి ఓ చిన్న నవ్వు కూడా నవ్వాడు. "నా కారు ట్రాకు దగ్గరే పడుంటుంది. నలభై మంది తిరుగుతారు. ఎవడైనా చూసి గీసుండొచ్చు. నేనే గీస్తే నా కారు చూసి గీస్తానా, అంత తెలివితక్కువవాణ్ణా?"

ఇస్త్రీకి ఊపిరొచ్చింది. ఆ మాటలో పాయింటుందన్నాడు. ఉంది కూడా. ఇన్‌స్పెక్టరమ్మ సూది వైపు చూసింది. సూది లెక్క వేసుకుంది. పద్నాలుగు కిలోమీటర్లకి వాటంతటవి ఊడవు కాబట్టి చక్రం నట్లు ఎవరో వదులు చేశారు, గీతలు ఎవరో గీశారు, అక్కడిదాకా రుజువు. ఆ ఎవరో ఈయనే అనడానికి మీటింగులో పది నిమిషాల ఆలస్యం తప్ప చేతిలో ఏమీ లేదు.

బావ వాచీ చూసుకున్నాడు. ఆస్పత్రికెళ్లాలన్నాడు, వాడి దగ్గర ఎవరూ లేరు. కారు తాళాలు తీశాడు.

సూది చేతులు ఖాళీగా ఉంటే పని చెయ్యవు. ఏదో ఒకటి తిప్పుతూ ఉండాలి. మేకుకి మిగిలిన మూడో కార్డు తిప్పుతోంది. పొద్దున చూసి, ఎవరో కస్టమరులే అని అడుక్కి తోసేసింది. ఇప్పుడు తేదీ చదివింది. నీలం కారు తేదీయే. టైము కూడా, పావుగంట తేడా.

"మేస్త్రిగారూ, ఆ సాయంత్రం ఇంకో బండి చేశారా?"

"చేశా. రెండు సెట్లు తెచ్చాడు ఆ అబ్బాయి. ఒకటి తనకి, ఒకటి వాళ్లక్క కారుకి. పుట్టినరోజుకి కొన్నాట్ట."

"ఆ కారు ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది బావని.

"ఇంట్లో," అన్నాడు బావ. అని, "మా ఆవిడ ఆస్పత్రికి తెస్తోంది. వాణ్ణి చూడ్డానికి."

సూది కార్డు మీదున్న ఫోను నంబరు నొక్కడం మొదలెట్టింది.

"ఇప్పుడు తనకెందుకమ్మా ఫోను," అన్నాడాయన. మొదటిసారి గొంతు పెరిగింది. "డ్రైవింగులో ఉంటుంది. ప్రమాదం."

గుమ్మడికాయల దొంగెవరని ఎవరూ అడక్కుండానే భుజాలు తడుముకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

నాలుగో రింగుకి ఎత్తారు. వెనక ఇంజిన్ చప్పుడు, రోడ్డు చప్పుడు. సూది స్పీకరు నొక్కి, నెమ్మదిగా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అక్కా, మేస్త్రి షెడ్డు నుంచి. కారు ఎలా ఉంది?"

"బావుందమ్మా. స్టీరింగే కాస్త వణుకుతోంది. కొత్త చక్రాలు కదా, అంతే అనుకుంటున్నా."

మేస్త్రి ఫోను దగ్గరికి జరిగాడు.

"ఎంత స్పీడులో ఉన్నావక్కా?" అంది సూది.

"అరవై. బైపాసు మీద."

"సరే. ఇప్పుడు నే చెప్పినట్టు చెయ్యి. బ్రేకు తొక్కకు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యి, అంతే. దానంతటదే తగ్గనీ. స్టీరింగు రెండు చేతుల్తో తిన్నగా పట్టుకో. వంకర తిప్పకు. ఇండికేటరు వేశావా?"

"వేశా. ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. ఇప్పుడెంత?"

"నలభై... ముప్ఫై. వణుకు పెరుగుతోంది."

"పెరుగుతుంది. పెరగనీ. మెల్లిగా పక్కకి. ఎంత?"

"పది." ఇంజిన్ చప్పుడు పోయింది. "ఆగింది."

మేస్త్రి గోడకి చెయ్యి ఆనించుకున్నాడు.

"హ్యాండ్ బ్రేకు వేసి దిగు. ముందు ఎడమ చక్రం దగ్గరికి వెళ్లు. నట్ల మీద పసుపు గీతలున్నాయా?"

"ఉన్నాయి. మేస్త్రిగారు గీస్తారుగా."

"నట్టుకెన్ని?"

చెప్పుల చప్పుడు. లారీ ఏదో దాటిపోయింది.

"రెండు."

ఎవరూ బావ వైపు చూడలేదు, ఎందుకంటే అప్పటికే అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"అక్కా, ఒక నట్టు పట్టుకుని వేళ్లతో తిప్పి చూడు."

లోహం గీరుకున్న చప్పుడు. తర్వాత వచ్చిన గొంతు అంతకుముందు గొంతు కాదు. "చేత్తో తిరుగుతోందమ్మా. సీసా మూతలా."

"ఆ కారు రెండు రోజుల నుంచీ ఎక్కడుంది?"

"ఇంట్లోనే. కారు షెడ్డుకి తాళం వేసి ఉంది. తాళాలు మా ఇద్దరి దగ్గరే ఉంటాయి. పొద్దున ఆయన కూడా నాతో వస్తానన్నారు. ఎక్కి కూర్చుని, మళ్లీ దిగిపోయారు. పోలీసులు పిలిచారు, నువ్వు పన్నెండయ్యాక నీ కారులో వెళ్లు, అప్పుడే చూడనిస్తారు అన్నారు."

పోలీసులు ఆయన్ని పిలవలేదు. వచ్చి కూర్చుంది ఆయనే. ఒకే సాయంత్రం, ఒకే మేస్త్రి, రెండు కార్లు, రెండు చక్రాలు. మేస్త్రి చేతగానితనానికి అక్కా తమ్ముళ్లిద్దరూ బలి, షోరూము ఒక్కడిది. ఆ రెండో చక్రం ఊడే టైముకి పోలీసుల పక్కన కూర్చునుండటం ఎంత మంచి జాగ్రత్త. ఇస్త్రీ రిపోర్టులో ఒక పేజీ పెరిగేది, అంతే.

ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి చాపింది. బావ కారు తాళాలు ఆ చేతిలో పెట్టాడు. జీపులోంచి బేడీలు తెమ్మని బయటున్న కానిస్టేబుల్‌కి చెబుతూ ఆమె, మేస్త్రి వైపు తిరిగి, నువ్వింక ఇంటికెళ్లొచ్చయ్యా అంది.

"ఇంటికి తర్వాతెళతా," అన్నాడు మేస్త్రి. "ముందు నా రెంచి ఇప్పించండి. సాక్ష్యమని మీ బీరువాలో పెట్టారు."

పన్నెండూ యాభైకి జీపు బైపాసు మీద ఆగింది. రాకెట్టు అక్క కారుకి ఆనుకుని నిలబడి ఉంది, చెప్పులు చేత్తో పట్టుకుని. ఎందుకు విప్పిందో ఆవిడకీ తెలిసినట్టు లేదు. సూది వెళ్లి పక్కన నిలబడింది. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. వాళ్ల వెనకే తెల్ల కారు కూడా వచ్చి ఆగింది. ఇస్త్రీ దిగి, కాస్త దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరమ్మ నాలుగు చక్రాలకీ ఫొటోలు తీయించాక మేస్త్రి జాకీ పెట్టాడు. ముందు ఓ గుడ్డ ముక్కకి థిన్నర్ తడిపి, నట్టునట్టుకీ ఆ దొంగ గీతలు తుడిచేశాడు, మరక కూడా మిగలకుండా. తర్వాత రెంచి తగిలించాడు. అనుకున్నంత బిగువు రాగానే అది చిన్నగా చప్పుడు చేస్తుంది. టక్. ఎదురు నట్టు. టక్. ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు. అయిదు టక్కులు. మిగతా మూడు చక్రాలకీ అదే వరస. ఇరవయ్యో టక్కుకి ఇస్త్రీ కూడా లెక్కపెడుతున్నాడని సూది గమనించింది.

రెండో బిగింపు కాదు కాబట్టి పెయింటు సీసా మూత తియ్యలేదు. లేచి, మోకాళ్ల మట్టి దులుపుకుని, జేబులోంచి కొత్త కార్డు తీసి, మీటరు చూసి రాసి, సగం చింపి ఆవిడ చేతిలో పెట్టాడు.

"తమ్ముణ్ణి చూసిరామ్మా. నెమ్మదిగా పో, ఏం కాదు. యాభై తిరిగాక మళ్లీ తీసుకురా."

మిగిలిన సగం సూదికిచ్చాడు, మేకుకి గుచ్చమని.

ఇస్త్రీ గొంతు సవరించుకున్నాడు. తన కారు వైపు చూశాడు, మేస్త్రి వైపు చూశాడు. చొక్కా చేతులు నెమ్మదిగా, మోచేతుల దాకా మడిచాడు.

"నాది ముప్ఫై అయిదు తిరిగింది," అన్నాడు. "పదిహేను తక్కువైతే పర్లేదా?"

"తిరిగి రండి సార్," అన్నాడు మేస్త్రి.